బ్యాక్ ఆడినోళ్ల తారీఖ్

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలూ, మద్రాసు నుంచి విడిపోయి మూడేళ్లయిన మా ఆంధ్ర జిల్లాలూ ఒకే హుకూమత్ కిందికి వచ్చాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో హిందుస్తాన్ ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడి హ్యాట్రిక్ అదే మొదటిది. క్విజ్ పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరు ఉంటుంది. అదే జట్టులో గోల్ ముందర కాపలా కాసే బ్యాకుల్లో ఒకరు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. హైదరాబాద్ సిటీ పోలీస్ మనిషి. ఆయన పేరు ఏ క్విజ్ పుస్తకంలోనూ నాకు తగల్లేదు.

కాగితం లెక్కన అజీజ్ సాబ్ అప్పటికి నెల రోజుల ఆంధ్రప్రదేశ్ వాసి. తెనాలి వాడు, బాపట్ల వాడు, రేపల్లె వాడు ఎంత ఆంధ్రప్రదేశ్ వాడో ఆయనా అంతే. మరి ఈ మూడు ఊళ్లలో ఆయన ఎవరికి తెలుసు? వేరేవాళ్ల సంగతి వదిలేయండి, మా సాయిబుల మొహల్లాల్లోనే అడిగి చూడండి. నేను ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో క్రికెట్ అజహరుద్దీన్ ఫొటో లేని నోట్‌బుక్ అట్ట ఉండేది కాదు. సిక్సులు, సెంచరీలు అందరికీ జబానీ వచ్చేవి. రెండు ఒలింపిక్స్‌కి వెళ్లిన అజీజుద్దీన్ పేరు మాత్రం ఒక్క ఉస్తాద్ నోటా వినలేదు. ఫుట్‌బాల్ పీరియడ్‌లో లావుగా ఉన్నవాడినీ, పరుగెత్తలేనివాడినీ "నువ్వు బ్యాక్ పోరా" అని గోల్ దగ్గరికి తోసేవాళ్లం. బ్యాక్ అంటే మాకు అదొక సజా.

అస్లీ ఫుట్‌బాల్‌లో సంగతి వేరు. ఫార్వర్డ్ పది అవకాశాలు పాడు చేసి పదకొండోది గోల్ కొడితే హీరో. బ్యాక్ పది దాడులు ఆపి పదకొండోది వదిలేస్తే, రాత్రి హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లంతా ఆ ఒక్కదాని గురించే మాట్లాడతారు. గోల్స్ లెక్క రాసిపెట్టే రిజిస్టర్ ఉంటుంది. ఆపిన గోల్స్‌కి రిజిస్టర్ లేదు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో 1949 నుంచి 1953 దాకా ఆడిన ఐదుగురిని పంచ పాండవులని పిలిచారు: వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ ఫార్వర్డ్ లైన్ వాళ్లే. ఆ జట్టు వెనక ఆడినవాళ్లకి మహాభారతంలో ఏ పాత్రా దొరకలేదు.

ఖైర్, హైదరాబాద్ సంగతికి వద్దాం. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంట్లలో గోరా పల్టన్లు ఉండేవి. వాళ్లతో పాటు వాళ్ల బంతీ వచ్చింది. తర్వాత అది మదరసాలకీ, మొహల్లా క్లబ్బులకీ, 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియా యూనివర్సిటీకీ పాకింది. ఆ యూనివర్సిటీ తాలీమ్ నుంచే సయ్యద్ అబ్దుల్ రహీం వచ్చారు. 1909లో పుట్టారు. ఉస్మానియా తరఫున ఆడారు, తర్వాత టీచరయ్యారు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఇంతెకాల్ అయ్యేదాకా ఈ పనులు వదల్లేదు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయనదే. అజయ్ దేవ్‌గణ్ సిగరెట్ పొగలో రహీం సాబ్‌ని చూసి చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకు ఆ సినిమా కన్నా, ఒక స్కూల్ మాస్టరు లీగ్ షెడ్యూళ్లు రాస్తూ, మ్యాచ్‌లు పెట్టిస్తూ గడిపిన ఇరవై ఏళ్లు గొప్పగా కనిపిస్తాయి. అది సినిమాకి పనికొచ్చే కథ కాదులెండి.

రహీం సాబ్ కుర్రాళ్లకి తమాషా టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలమైన కాలు వాడకూడదు, ఎడమ కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ మనా: బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇది ఫార్వర్డ్‌ల కోసం అనుకుంటాం కానీ, అసలు లాభం బ్యాక్‌కే. గోల్ ముందర బంతి ఏ కాలి దగ్గర పడుతుందో చెప్పి రాదు. కుడికాలి వైపు తిప్పుకునేలోపే ఎదుటివాడు లాక్కుపోతాడు. రెండు కాళ్లూ పనిచేసే బ్యాక్ ఉంటే జట్టుకి సగం భయం పోతుంది.

బ్యాక్ పని ఆ కాలంలో మారుతూ కూడా ఉంది. పాత పద్ధతిలో వెనక ఇద్దరే బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందర ఐదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ కానూన్ మార్చారు. అంతకు ముందు ఫార్వర్డ్‌కీ గోల్ లైన్‌కీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి, ఆ ఏడాది నుంచి ఇద్దరుంటే చాలన్నారు. దాంతో గోల్స్ వరద. ఆ వరదకి కట్ట వేయడానికి ఇంగ్లండ్‌లో మధ్య హాఫ్‌ని వెనక్కి లాగి మూడో బ్యాక్‌గా నిలబెట్టారు. మన దేశంలో పాత అలవాటు చాలాకాలం పోలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, జులై 15న, యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలిలో, తడి గడ్డి మీద వట్టి కాళ్లు. ఆ జట్టుతో వెళ్లిన బ్యాకుల్లో అజీజ్ సాబ్ ఒకరు. హైదరాబాద్ నుంచి నూర్ మహమ్మద్, లతీఫ్, మొయిన్ కూడా ఉన్నారు.

పది గోల్స్ పడిన జట్టు బ్యాక్ అంటే మామూలుగా అక్కడితో సరి. ఆ మనిషిని మళ్లీ ఎవరూ పిలవరు. అజీజ్ సాబ్ నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్‌కి వెళ్లారు. నూర్ సాబ్ కూడా వెళ్లారు. అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ కొత్తగా తోడయ్యారు. కోచ్ రహీం సాబ్. ఆస్ట్రేలియా మీద గెలిచాక సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి 4-1. తర్వాత మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. హిందుస్తాన్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత పైకి మళ్లీ ఎన్నడూ పోలేదు. అదే దేశం చేతిలో పది గోల్స్ నాలుగయ్యాయి. తగ్గిన ఆ ఆరు గోల్స్‌లో బ్యాకుల హిస్సా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి వచ్చేవి. మిగతా రోజుల్లో వీళ్ల బతుకు పోలీస్ జట్టు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో, 1954లో డ్యూరాండ్ కప్ తెచ్చింది. మధ్యలో 1952లో డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ 1956-57, 1957-58 రెండేళ్లూ విజేత. చూడండి, రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయిపోయాక కూడా ఆటలో ఇంకా హైదరాబాదే. పోలీస్ జట్టు పేరు మాత్రం కొంతకాలానికి మారింది. 1960 రోవర్స్ కప్, 1961 డ్యూరాండ్ కప్ మీద ఉన్న పేరు ఆంధ్ర పోలీస్. కలకత్తా, బొంబాయి, ఢిల్లీ స్టేడియాల్లో ప్రేక్షకులు ఆంధ్ర, ఆంధ్ర అంటుంటే బంతి మాత్రం ఉర్దూ మాట్లాడుకునే కుర్రాళ్ల కాళ్ల మధ్య తిరుగుతోంది. ఆంధ్ర అనే మాట అసలు పుట్టిన డెల్టాలో ఆ కబురు ఎవరికీ పట్టలేదు. ఈ ఇత్తెఫాక్ నాకు ఎప్పుడూ నవ్వూ, అఫ్సోస్ కలిపి తెప్పిస్తుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. హైదరాబాద్ బ్యాకులు గాల్లోంచి ఊడిపడలేదు. వాళ్లకొక నిచ్చెన ఉండేది. స్కూలు, ఆ మీద కాలేజీ, దాని పక్కనే మొహల్లా క్లబ్బు, క్లబ్బు ఆడే లోకల్ లీగు, లీగులో కనపడితే పోలీస్ నౌకరీ. నౌకరీ అంటే నెల జీతం, ఇజ్జత్, దెబ్బ తగిలినా ఇంట్లో పొయ్యి ఆరదన్న ధీమా. ఫార్వర్డ్‌కి ఈ ధీమా లేకపోయినా నడుస్తుంది. ఒక్క సీజన్ గోల్స్ కొడితే కలకత్తా క్లబ్బు వాడు రైలు టికెట్ పంపిస్తాడు. బ్యాక్‌కి పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ముందుకెళ్లకూడదో పాతిక దాటాకే ఒంటపడుతుంది. ఆ వయసు దాకా ఆడుతూ ఉండాలంటే ఎవరో ఒకరు జీతం ఇస్తూ ఉండాలి. లేకపోతే పాతికలోపే తండ్రి దుకాణంలో కూర్చోవాలి.

ఇప్పుడు మా వైపు చూడండి. కృష్ణా డెల్టాలో కంటోన్మెంట్ లేదు, గోరా పల్టన్ లేదు. ఉన్నది కాలవ, వరి చేను. తెనాలి మధ్యలోంచే మూడు కాలవలు పోతాయి. సెంటు భూమి కూడా ఖరీదే, మైదాన్‌కి ఎవరు వదులుతారు? కోతలయ్యాక చేలో నాలుగు గుంజలు పాతి వాలీబాల్ ఆడతారు, కబడ్డీ ఆడతారు. వాటికి చారెడు చోటు చాలు. ఫుట్‌బాల్‌కి వంద మీటర్ల పొడవు కావాలి, ఏడాదంతా కావాలి. స్కూళ్లు తెరిచే రోజులకి వానలు. నల్లరేగడి కాలికి ఇటుకలా అంటుకుంటుంది. రేపల్లె వైపు ఉప్పునేల, అదొక రకం.

అయినా కాలేజీల్లో ఆడారు. కాలేజీ జట్టన్నాక ఎవరో ఒకరు బ్యాక్ ఆడాలి కదా. కానీ నిచ్చెన సంగతి చూడండి. 1976లో నాగార్జున యూనివర్సిటీ వచ్చేదాకా తెనాలి, బాపట్ల, రేపల్లె డిగ్రీ కాలేజీలన్నీ 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. మంచి బ్యాక్ అనిపించుకున్న తెనాలి కుర్రాడు ఆ పై మెట్టు ఎక్కాలంటే వాల్తేరులో కనపడాలి. రైల్లో దాదాపు 380 కిలోమీటర్లు. బాపట్లలో ఇంకో చిక్కు. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాలకి పెద్ద ఆవరణ, హాస్టళ్లు ఉన్నాయి. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి సాయంత్రం ఆటకి వీలు. 1964లో హైదరాబాద్ కేంద్రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక ఆ కాలేజీ దాని కిందికి పోయింది. అంటే ఒకే ఊళ్లో, ఒకే సముద్రపు గాలి పీల్చే ఇద్దరు బ్యాకులు రెండు వేర్వేరు యూనివర్సిటీల వాళ్లు. పక్కపక్కన నిలబడి ఒకే జట్టుకి ఆడే రాత వాళ్లకి లేదు.

డిగ్రీ అయ్యాక? మొహల్లా క్లబ్బు లేదు, వారం వారం ఆడే లీగు లేదు. రైలు ఎక్కితే మద్రాసు నాలుగు వందల కిలోమీటర్లు, హైదరాబాద్ మూడు వందలు. మా వైపు బ్యాక్ కెరీర్ మూడేళ్ల డిగ్రీతో పాటే పూర్తయ్యేది. టీసీ తీసుకునే రోజే రిటైర్‌మెంట్. తర్వాత బ్యాంకు పరీక్షలు, టీచర్ ట్రైనింగ్, గల్ఫ్ వీసా. ఆడేవాళ్లు లేక కాదు, ఆడినవాళ్లని ఇంకో ఐదేళ్లు నిలబెట్టే మెట్టు లేక.

ఆ మెట్టు హైదరాబాద్‌లోనూ విరిగింది, కాస్త ఆలస్యంగా. దానికి సాక్ష్యం సయ్యద్ నయీముద్దీన్ కెరీరే. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. స్టాపర్. అజీజ్ సాబ్ తరం హైదరాబాద్‌లో ఉండి కప్పులు ఇక్కడికి తెచ్చింది. నయీమ్ సాబ్ తరం కలకత్తాకి పోయి అక్కడి క్లబ్బులకి కప్పులు తెచ్చిపెట్టింది. ఆయన ఈస్ట్ బెంగాల్‌కీ, మోహన్ బగాన్‌కీ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ ఆడారు. అదే తరం హబీబ్ మియాఁ కూడా హైదరాబాదీనే. 1977లో పెలే కాస్మోస్ జట్టు కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. 2023 ఆగస్టు 15న ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ ఆ గోల్ గురించే రాశాయి. ఫార్వర్డ్ కదా.

1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆ పేరుతో అది మొదటిది. తర్వాత మళ్లీ రాలేదు. ఎవరి కాళ్లయితే ఇక్కడి కప్పుల్ని మోశాయో ఆ కాళ్లు హౌరా స్టేషన్‌లో దిగాయి. నేను వాళ్లని తప్పు పట్టను. రహీం సాబ్ 1963లోనే పోయారు. కలకత్తా క్లబ్బు ఇచ్చే డబ్బుకి పోలీస్ జీతం సరితూగదు. ఇంట్లో అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు ఉన్న కుర్రాడు ఏం చేస్తాడు?

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హిందుస్తాన్ జట్టుకి నయీమ్ సాబ్ కెప్టెన్. మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్‌ని 1-0తో ఓడించి కంచు పతకం తెచ్చారు. స్కోరు గమనించండి: ఒకటి, సున్నా. ఆ ఒకటి ఫార్వర్డ్‌ది, సున్నా బ్యాకులది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి అదే ఆఖరి పతకం. ఆ ఏడాదే అర్జున అవార్డు. తర్వాత కోచ్ అయ్యారు. 1990లో ఈస్ట్ బెంగాల్‌కి ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. అదే ఏడాదికి ద్రోణాచార్య అవార్డు. ఫుట్‌బాల్ కోచ్‌కి ద్రోణాచార్య రావడం అదే మొదటిసారి. జాతీయ జట్టుకి కోచ్‌గా 1997లో సాఫ్ కప్ తెచ్చారు. ఢాకా వెళ్లి బ్రదర్స్ యూనియన్‌కీ, ఆ దేశ జట్టుకీ తాలీమ్ ఇచ్చారు. ఢాకా, కలకత్తా వీధుల్లో గుర్తుపట్టే ఈ హైదరాబాదీని విజయవాడ బస్టాండ్‌లో నిలబెడితే టీ కొట్టు వాడు కూడా చిల్లర లేదనే అంటాడు.

ఇంకో బ్యాక్ సంగతి చెప్పకుండా ఉండలేను, పంజాబీ అయినా సరే. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. కొరియాని 2-1తో ఓడించి మనం స్వర్ణం గెలిచాం. జర్నైల్ సింగ్ దేశంలోకెల్లా గొప్ప స్టాపర్. అంతకు ముందు ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక ఆడించడం మంచిది కాదని రహీం సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో ఒక గోల్ పీకే బెనర్జీది, ఒకటి జర్నైల్‌ది. ఇప్పుడు జర్నైల్ అనగానే జనం చెప్పేది ఆ గోల్ సంగతే. జీవితమంతా వెనక ఆడిన మనిషి గుర్తుండిపోయింది ముందుకొచ్చిన ఆ నాలుగు రోజులకి.

ఇక మన జమానా. 2014లో రాష్ట్రం మళ్లీ రెండైంది, పాత కప్పులు తెలంగాణ ఖాతాలో పడ్డాయి. పడాల్సిందే, అవి అక్కడి చెమటే. 2019లో పుణె జట్టు ఒకటి చేతులు మారి హైదరాబాద్ ఎఫ్‌సీ అయింది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ కూడా గెలిచింది. ఇప్పుడు అదే జట్టు మకాం మార్చి ఢిల్లీ పేరు పెట్టుకుంది. కంపెనీ జట్టుకి మొహల్లా ఉండదు, ఆఫీసు ఉంటుంది. ఆఫీసు ఎక్కడికైనా మారుతుంది.

దానికన్నా నన్ను కలుక్కుమనిపించింది శ్రీనిధి సంగతి. 2020లో ఐ-లీగ్‌లోకి కొత్త జట్లని తీసుకున్నప్పుడు శ్రీనిధికి విశాఖపట్నం పేరు మీద చోటు ఇచ్చారు. కోస్తాకి జాతీయ లీగులో ఒక జట్టు! మైదానంలోకి దిగేసరికి అది శ్రీనిధి డెక్కన్ అయింది, సొంత గ్రౌండ్ హైదరాబాద్‌లో. బాగా ఆడుతుంది, 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానం. మా వైపు బ్యాక్ కుర్రాడికి మాత్రం పాత మూడు వందల కిలోమీటర్లు అట్లాగే ఉన్నాయి. ఆంధ్రలో ఇప్పుడు పిల్లలు పద్ధతిగా ఫుట్‌బాల్ నేర్చుకునే చోటంటే అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ల క్రీడాగ్రామం ఉంది. నీళ్లు లేని జిల్లాలో మైదానం పచ్చగా ఉంది, మూడు కాలవల ఊళ్లో లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లు ఇవాళ ఫుట్‌బాల్ ఆడుతున్నారంటే చాలామందికి కళ్ల ముందున్నది స్పోర్ట్స్ కోటానే. డిగ్రీ మూడేళ్లలో యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే ఒక సర్టిఫికెట్ వస్తుంది, దాంతో కానిస్టేబుల్ ఉద్యోగానికో ఇంకో దానికో దరఖాస్తు పెడతారు. దీన్ని కొందరు పెద్దలు వెక్కిరిస్తారు, ఆట మీద ప్రేమ లేదంటారు. అజీజ్ సాబ్ తరం ఆడింది కూడా పోలీస్ నౌకరీలో ఉండే కదా, వాళ్లకి ప్రేమ తక్కువైందా? పైగా ఆ సర్టిఫికెట్‌లో ఒక ఇన్సాఫ్ ఉంది. ఏ స్థాయిలో ఆడావు, ఏ జట్టుకి ఆడావు, ఎన్నో స్థానం వచ్చింది అని అందులో రాస్తారు. ఎన్ని గోల్స్ కొట్టావన్న గడి అందులో లేదు.